ముఖం కనిపించని పెళ్లికొడుకు

సుకన్యకు కోపం రాదని లాలాగూడ రైల్వే క్వార్టర్లలో అందరికీ గట్టి నమ్మకం. నల్లా దగ్గర ఎవరైనా ఆమె బిందె పక్కకు జరిపి తమది పెట్టుకుంటే "పోనీ తియ్" అనేది. ఆఫీసులో పక్క సీటాయన తన పని ఆమె టేబుల్ మీదికి తోసి చాయ్‌కి వెళ్తే, ఆయన తిరిగొచ్చేలోపు ఆ పని చేసి పెట్టేది. అలాంటి మనిషి ఒక ఆదివారం మధ్యాహ్నం కంప్యూటర్ ముందు నుంచి దిగ్గున లేచి, "వీని చేతులు పడిపోను! వీడు మనిషేనా?" అని అరిచింది. పక్క క్వార్టర్‌లో అన్నం తింటున్నవాళ్లు కంచాలు వదిలేసి కిటికీలోంచి తొంగి చూశారు. తిట్లు తిన్నది ఇరుగూ కాదు, పొరుగూ కాదు. కొరియా దేశంలో ఎక్కడో కూర్చుని సీరియల్ రాసిన ఒక ముక్కూ మొహం తెలియని రచయిత. పాపం, లాలాగూడ అనే చోటొకటి ఉందని కూడా ఆయనకు తెలిసి ఉండదు.

ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి.

సుకన్య తండ్రి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఒకరోజు పొద్దున సైరన్ మోగింది. ఆయన బూట్ల తాడు కట్టుకోవడానికి వంగాడు. మళ్లీ లేవలేదు. అప్పటికి సుకన్య డిగ్రీ చదువుతోంది. తమ్ముడు మధుసూదన్‌ది ఇంకా నిక్కర్లు తొడిగే వయసు. తల్లి విమలమ్మకు సంతకం వరకే వచ్చు. సర్వీసులో ఉండగా పోయినవాళ్ల ఇంట్లో ఒకరికి కొలువు ఇస్తారు కాబట్టి, ఆ ఒకరు సుకన్య అయింది. కాలేజీ సంచి మేకుకు తగిలించి, తండ్రి పోయిన ఏడాది తిరక్కుండానే వర్క్‌షాపు ఆఫీసులో గుమస్తాగా కూర్చుంది. కొలువుతో పాటు క్వార్టరు కూడా ఆమె పేరు మీదికి మారింది. "మా ఇంటికి మగపిలగాడు సుకన్యనే" అని విమలమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది. వినేవాళ్లకు అది పొగడ్తే. సుకన్యకూ చాలాకాలం పొగడ్తలాగే వినిపించింది.

మధు ఇంజినీరింగ్‌లో చేరేనాటికి ఊరంతా సాఫ్ట్‌వేర్ జపం చేస్తోంది. అమీర్‌పేటలో కోర్సుల బోర్డు లేని గోడ లేదు, పెళ్లిళ్లలో "పిలగాడు ఏ కంపెనీ?" అనే ప్రశ్న తప్ప ఇంకోటి లేదు. అక్క పట్టుదలో, వాడి అదృష్టమో, కాలేజీలో ఉండగానే వాడికి మాదాపూర్‌లో ఉద్యోగం దొరికింది. "ఇగ నీ బరువు దిగింది బిడ్డా, ఇగ నీ పెండ్లే" అంది విమలమ్మ. ఆ మాట విని సుకన్య ఆ వేళ స్వీటు షాపుకు వెళ్లి మిఠాయి కొని కాలనీ అంతా పంచింది. మధు కంపెనీ దగ్గరే స్నేహితులతో గది తీసుకున్నాడు. ఆదివారం ఆదివారం లోకల్ రైలెక్కి మాసిన బట్టల మూటతో వచ్చి, ఉతికిన బట్టల మూటతో వెళ్లేవాడు.

ఆ మూటతో పాటే ఒక పెన్ డ్రైవ్ తెచ్చేవాడు. వాళ్ల ఆఫీసులో ఆడపిల్లలందరూ ఒక కొరియా సీరియల్ పిచ్చిలో పడ్డారట. భాష కొరియాది, కింద ఇంగ్లీషు అక్షరాలు. మధు తన పాత కంప్యూటర్ ఇంటి ముందు గదిలో పెట్టి, "చూడక్కా, టైంపాస్ అయితది" అన్నాడు. టైంపాస్ కోసం మొదలుపెట్టిన సుకన్య రెండో వారానికి ఆదివారం వంట శనివారం రాత్రే సగం చేసిపెట్టుకునే స్థితికి వచ్చింది. విమలమ్మ చాప మీద కూర్చునేది. వెనక వీధిలో ఒంటరిగా ఉండే మేబెల్ ఆంటీ, రైల్వే స్కూల్లో టీచరుగా చేసి రిటైరైన ఆంగ్లో ఇండియన్ ఆవిడ, తన కుర్చీ తానే మోసుకొచ్చేది. సుకన్య ఇంగ్లీషు అక్షరాలు చదివి తల్లికి తెలుగులో చెప్పేది. తప్పు చదివితే మేబెల్ ఆంటీ దిద్దేది.

కథ చాలా చిన్నది. ఒక సందులో పెరిగిన ఒక పిల్ల, ఇద్దరు పిలగాళ్లు. ప్రతి భాగం మొదట్లో ఆ పిల్ల పెద్దదై, ఇల్లాలై, గోడ మీది తన పెళ్లి ఫొటో తుడుస్తూ కనిపిస్తుంది. ఫొటోలో పెళ్లికొడుకు మొహం మీద మాత్రం ఎప్పుడూ లైటు వెలుగు పడి మెరుస్తుంది. ఆ మొగుడు ఇద్దరిలో ఎవరు? అదే సీరియల్ మొత్తం. కొరియా పేర్లు విమలమ్మకు నోరు తిరగవు కాబట్టి, చలిలో తన మఫ్లర్ తీసి పిల్ల మెడకు చుట్టిన నిదానస్తుడికి మఫ్లర్ పిలగాడని, సైకిల్ మీద పాలసీసాలు వేస్తూ వాగుతూ ఉండే ఇంకొకడికి సైకిల్ పిలగాడని పేర్లు పెట్టారు.

సుకన్య మఫ్లర్ పార్టీ. పార్టీ అంటే మాటవరసకు కాదు. ఫొటోలో పెళ్లికొడుకు గడియారం కుడిచేతికి ఉందని కనిపెట్టింది ఆమే. మఫ్లర్ పిలగాడు ఎడమచేతి వాటం, గడియారం కుడిచేతికి కడతాడు. ఇంకేం కావాలి? ఇల్లాలు వంటింట్లో దాచుకున్న ఉత్తరాల దారం మఫ్లర్ రంగుది. మొగుడు ఫోన్ చేస్తే ఆమె మాట్లాడకుండా నవ్వుతుంది, అంటే అటువైపు ఉన్నవాడు తక్కువ మాట్లాడేవాడే. ఇవన్నీ ఫేస్‌బుక్‌లో ఆ సీరియల్ అభిమానుల గుంపులో పెడితే ఊరూరి నుంచి ఆడపిల్లలు "అక్కా సూపర్" అని రాసేవారు. ఆఫీసులో, నల్లా దగ్గర, ఎక్కడా ఎవరూ ఆమెను సూపర్ అని ఎప్పుడూ అనలేదు. ఆమె ఆ మాటను మధ్యమధ్యలో తీసి చదువుకునేది.

విమలమ్మ మాత్రం మొదటి నెలలోనే తేల్చేసింది. "మఫ్లర్ పిలగాడు గాదే. గంత మంచిగ చూపిస్తున్నరంటేనే వాడు గాడన్నట్టు."

"నీకేం తెల్సమ్మా, ఊకో" అనేది సుకన్య.

గుర్తులు వెతకడంలో సుకన్యకు అంత చేయి తిరగడానికి ఒక కారణం ఉంది. ఆమె సొంత పెళ్లి సంగతి కూడా ఆమె గుర్తుల ద్వారానే తెలుసుకోవాలి. వాళ్లలో పద్ధతి అది. సంబంధం తెచ్చేది పర్వతాలు అనే పెద్దమనిషి, సుకన్యకు కాక, అంటే బాబాయి వరస. తండ్రితో పాటు ఒకే షెడ్డులో పనిచేసినవాడు, ఇంకా అదే వర్క్‌షాపులో ఉన్నవాడు. పిల్లను చూసి వెళ్లినవాళ్లు తమ మాట పర్వతాలు కాకకు చెప్తారు, ఆయన విమలమ్మకు చెప్తాడు, విమలమ్మ చెప్తే సుకన్యకు తెలుస్తుంది. పిల్ల తనంతట తాను ఏమైందని అడగకూడదు. అడిగితే పెళ్లికి ఎగబడుతోందంటారు. ఆఫీసులో డజన్ల మంది మగాళ్ల ఫైళ్లు చూసే సుకన్య, తన పెళ్లి విషయం వచ్చేసరికి తల్లి మొహం కేసి చూస్తూ కూర్చునేది.

విమలమ్మ ఎప్పుడూ కాదని చెప్పేది కాదు. సిద్దిపేట నుంచి ఒక లెక్చరర్ వచ్చి చూసి వెళ్లినప్పుడు, మర్నాడే మోండా మార్కెట్‌కు పోయి స్టీలు బిందె కొని, దాని మీద "సుకన్య" అని పేరు కొట్టించుకొచ్చింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. కానీ ఆ బిందె చూసి సుకన్య గుండె ఎంత ఎగిరిందో ఆమెకే తెలుసు. లెక్చరర్ ఆమెను "ఈ పని మీకు ఇష్టమేనా?" అని అడిగాడు. అంతవరకు ఆ మాట ఆమెను అడిగినవాళ్లు లేరు. వారాలు గడిచాయి. విమలమ్మ రోజూ "ఒస్తది బిడ్డా కబురు, ఒస్తది, పెద్దోళ్లు ఊరికి పోయిండ్రంట" అనేది. ఆ తర్వాత ఒక సాయంత్రం సుకన్య తలకు నూనె రాస్తూ ముక్కు చీదింది. సుకన్యే తల్లిని ఊరడించింది, పోనీ తియ్యమ్మా అని. అలా ఒక బిందె, ఒక టిఫిన్ క్యారియర్, కొన్ని గిన్నెలు మంచం కింది పెట్టెలోకి చేరాయి. సుకన్యకు ముప్పై దాటింది. కాలనీలో చిన్నపిల్లలు అక్కా అనడం మానేసి ఆంటీ అనడం మొదలుపెట్టారు.

ఇప్పుడు కాజీపేట సంబంధం. గూడ్సు బండి గార్డు, పేరు విజయేందర్. సీరియల్ చివరికొస్తున్న రోజుల్లోనే ఒక ఆదివారం వాళ్ల అక్కతో కలిసి వచ్చాడు. నెత్తిన వెంట్రుకలు పలచబడ్డాయి. చాయ్ సాసర్‌లో పోసుకుని తాగాడు. పట్టాల పక్క బతికేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. బండి వెళ్తున్నంతసేపు మాట ఆపి, అది పోగానే ఆపిన చోటి నుంచే మళ్లీ అందుకుంటారు. బయటివాళ్లకు అది రాదు, బండి చప్పుడును మించి అరుస్తారు. విజయేందర్ మాట సగంలో ఉండగా ఎక్స్‌ప్రెస్ వచ్చింది. ఇద్దరూ ఒకేసారి ఆగారు. బండి పోయింది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, నవ్వారు. "మీరు చెప్పుండ్రి" అన్నాడతను. సుకన్యకు అతను నచ్చాడు. గట్టిగానే నచ్చాడు.

వాళ్లు వెళ్లిన రెండో రోజున విమలమ్మ ప్రెషర్ కుక్కర్ కొనుక్కొచ్చింది, పేరుతో సహా. సుకన్య ఆ పేరును వేలితో తడుముకుంటూ ఈసారి ఖాయం అనుకుంది. అప్పటి నుంచి ఒకపక్క కాజీపేట కబురు, ఇంకోపక్క సీరియల్ ఆఖరి భాగం. రెంటి కోసమూ ఒకే ప్రాణంతో ఎదురుచూసింది.

ఆఖరి భాగం వచ్చిన ఆదివారం మధు అన్నం తింటూ తన సంగతి చెప్పాడు. మియాపూర్‌లో ఫ్లాట్ బుక్ చేస్తున్నాడట. ఆఫీసులో ఒక పిల్లను ఇష్టపడ్డాడు, వాళ్లింట్లో కూడా ఒప్పుకున్నారు.

"ఎన్ని రూములురా?" అంది విమలమ్మ.

"సింగిల్ బెడ్రూమమ్మా. ఇప్పటికి మా ఇద్దరికి సాల్తది. నీకేంది, అక్క ఉంది గదా."

వాడు చెడ్డవాడు కాదు. అక్క ఉంది అనడం వాడికి గోడ ఉంది అన్నంత మామూలు. సుకన్య వాడికి పెరుగు వడ్డించింది. వాడు మూట తీసుకుని రైలుకు వెళ్లిపోయాడు.

తర్వాత ముగ్గురు ఆడవాళ్లూ కంప్యూటర్ ముందు చేరారు. విమలమ్మ చాట నిండా చిక్కుడుకాయలు పెట్టుకుని ఈనెలు తీస్తోంది. చిట్టచివర ఇల్లాలు ఫొటో తుడిచింది. పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి లైటు ఆర్పింది. మెరుపు పోయి, పెళ్లికొడుకు మొహం కనిపించింది. సైకిల్ పిలగాడు! మరి కుడిచేతి గడియారం? పెళ్లికి ముందు వాడు సైకిల్ మీంచి పడి ఎడమచెయ్యి విరగ్గొట్టుకున్నాడట. ఉత్తరాల దారం? అంగట్లో ఆ రంగే దొరికిందట. మఫ్లర్ పిలగాడు వేరే ఊరికి బదిలీ అయి వెళ్తూ బస్సులోంచి చెయ్యి ఊపాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అయింది సుకన్య పని. అప్పుడే ఆమె లేచి, ముందు చెప్పిన ఆ తిట్టు తిట్టింది.

"చీటింగ్! ప్యూర్ చీటింగ్!" అని మేబెల్ ఆంటీ కుర్చీ చెయ్యి మీద కొట్టింది.

సుకన్య ఆవిడ వైపు తిరిగింది. "వానికి మొదటి నుంచి తెల్సు గదా ఆంటీ, మఫ్లర్ పిలగాడు కాదని! తెల్సి తెల్సి ఆ గడియారం ఎందుకు చూపించాలె? ఆ దారం ఎందుకు చూపించాలె? ముందే చెప్పొచ్చు గదా కాదని! ఇన్ని నెలలు నన్ను పిచ్చిదాన్ని చేసిండు."

విమలమ్మ తల ఎత్తలేదు. ఈనె తీస్తూ, కూరలో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా అంది. "ముందే చెప్తె నువ్వు కూసుంటవా బిడ్డా? మనిషిని ఆపాల్నంటె లేదు అనొద్దు. ఒస్తది, ఒస్తది అనాలె. గప్పుడు ఎన్నొద్దులైనా కూసుంటది మనిషి."

మేబెల్ ఆంటీ పెద్దగా నవ్వింది. "విమలమ్మా, నువ్వు కొరియాకు పోయి సీరియల్స్ రాయి!"

సుకన్య నవ్వలేదు. తల్లి చేతుల వైపు చూసింది. విమలమ్మ అప్పటికే ఈనె తీసేసిన కాయను మళ్లీ తీసుకుని, లేని ఈనె కోసం గోటితో వెతుకుతోంది. తలెత్తి ఒక్కసారి కూతుర్ని చూసి, వెంటనే చూపు చాటలోకి దించుకుంది. ఆ చూపు చూశాక సుకన్యకు మంచం కింది పెట్టెలోని గిన్నెలు గుర్తొచ్చాయి. కంప్యూటర్ ఆపేసింది.

మేబెల్ ఆంటీ కుర్చీ మోసుకుని వెళ్తుంటే సుకన్య గేటు దాకా సాయం పట్టింది. ఆవిడ అక్కడ ఆగింది. "సుక్కూ, మా మమ్మీ సుత గట్లనే. నేను చర్చ్ క్వాయర్‌లో ఒకాయనను చేసుకుంట అంటె ఎన్నడూ నో చెప్పలే. ఈస్టర్ కానీ, క్రిస్మస్ కానీ, చూద్దాం అన్నది. మమ్మీ పోయేసరికి నాకు యాభై." ఆవిడకు సుకన్య సంగతి అర్థమైందో, తన సంగతే గుర్తొచ్చిందో తెలియదు. కుర్చీ చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి ఫేస్‌బుక్‌లో ఊరూరి ఆడపిల్లలు రచయితను ఉతికి ఆరేస్తున్నారు. సుకన్య ఒక్క మాటా రాయలేదు. మర్నాడు భోజనం గంట కొట్టగానే డబ్బా తెరవకుండా వర్క్‌షాపు గేటు దగ్గరి చాయ్ బండి దగ్గరికి వెళ్లింది. పర్వతాలు కాక అక్కడ ఉంటాడని ఆమెకు తెలుసు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆయన్ను రోజూ అక్కడ చూస్తూనే ఉంది. ఒక్కరోజూ అడగలేదు. నాలుగడుగుల దూరంలో ఉన్న జవాబు కోసం ఇంట్లో కూర్చుని తల్లి మొహం చదువుకుంది.

"కాకా, కాజీపేటోళ్లు ఏమన్నరు?"

ఆయన తడబడ్డాడు. పిల్ల నోట ఆ ప్రశ్న ఆయన ఊహించలేదు. "గదేంది బిడ్డా, నీకు తెల్వదా? పొయ్యినంక ఆ సాయంత్రమే ఫోన్ చేసిండ్రు. పిల్ల నచ్చింది, మాట్లాడుకుందాం రమ్మన్నరు. మీ అమ్మకు చెప్పిన. బిడ్డ సోంచాయిస్తున్నది, ఇంకా తేల్చుకోలే, జెర ఆగుమను అన్నది. నేను వాళ్లను ఆగుమన్న. వాళ్లు సుత ఎన్ని దినాలు ఆగుతరు చెప్పు."

"మరి సిద్దిపేటోళ్లు?"

బండి వచ్చింది. ఇద్దరూ మాట ఆపారు. గూడ్సు బండి, ఎంతకీ తెగదు. ఆ డబ్బాలు పోతుండగానే సుకన్యకు జవాబు తెలిసిపోయింది. అయినా విన్నది.

"వాళ్లు సుత ఒప్పుకున్నరు గదా బిడ్డా. నీకే ఇష్టం లేదంటివి."

"నేనంటినా?"

"మీ అమ్మ చెప్పింది. కొలువు చేసే పిల్ల, సదువుకున్న పిల్ల, ఇంకా పెద్ద సంబంధం చూస్తున్నదేమో అని మేం అనుకున్నం. కాలనీల అందరు గదే అనుకుంటరు." ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఆ లెక్చరర్‌కు ఇప్పుడు ఇద్దరు పిల్లలు బిడ్డా."

సుకన్య ఆఫీసుకు తిరిగి వెళ్లి సాయంత్రం దాకా పనిచేసింది. ఏ కాగితం మీద ఏం రాసిందో ఆమెకే తెలియదు. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, వాటికంటే ఎక్కువ సిగ్గేసింది. తనకు నిజంగా తెలియదా? కాస్త తెలుసేమో. అడగకుండా ఉంటే ఆశ ఉంటుంది. ఆశ ఉంటే ఇల్లు కదలక్కర్లేదు, తల్లిని ఏడిపించక్కర్లేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. తాను అంతకాలం మంచి పిల్లలా విన్నది. పక్క సీటాయన అలవాటుగా తన పని తోసి లేవబోతే, "ఈ పొద్దు మీరే చేసుకోండ్రి" అంది. ఆయన నోరు తెరిచి అలాగే కూర్చుండిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి విమలమ్మ పొయ్యి దగ్గర ఉంది. సుకన్య చెప్పులు విప్పలేదు. వంటింటి గుమ్మంలో నిలబడింది. రెండు గదుల ఇల్లు. ఆమె గుమ్మంలో నిలబడితే తల్లికి బయటికి దారి లేదు.

"అమ్మా, పర్వతాలు కాకను అడిగిన."

విమలమ్మ గరిటె ఆగింది. "ఏమడిగినవ్?"

"అన్నీ అడిగిన."

విమలమ్మ ముందు కసిరింది. ఆడపిల్ల పోయి చాయ్ బండి కాడ పెండ్లి సంగతి అడుగుడేంది, ఇజ్జత్ లేదా అంది. తర్వాత లెక్చరర్ వాళ్ల తల్లి గయ్యాళి అంది, గార్డు నౌకరి అంటే నెలకు సగం దినాలు ఇంట్లో ఉండడంది. "నీ మంచికే చేసిన" అంది. సుకన్య గుమ్మంలోంచి కదలలేదు. చెప్పడానికి ఇంకేమీ మిగలక విమలమ్మ పొయ్యి ఆర్పి, కింద కూర్చుంది.

"పెండ్లి చేసుకుంటె కొలువు పోతదా అమ్మా? రోజు కాజీపేట నుంచి బండ్ల మీద వచ్చి చేస్తలేరా ఎంతమంది?"

"కొలువు పోదు బిడ్డా. నువ్వు పోతవ్."

ఆ మాట అన్నాక విమలమ్మ ఏడ్చింది. ఇంతకు ముందు కబుర్లు రానప్పుడు ఏడ్చినట్టు కాదు. అప్పుడు ముక్కు చీదేది, కొంగు కళ్లకు పెట్టుకునేది. ఇప్పుడు నోరు వికారంగా తెరిచి, శబ్దం లేకుండా ఏడ్చింది. "మీ నాయిన నా కండ్ల ముందట బూట్లు తొడుక్కుంట పోయిండు. మధుగాడు ఎట్లన్నడో నువ్వు ఇంటివి గదా నిన్న. నువ్వు సుత పోతె ఈ క్వార్టర్ల నేనొక్కదాన్ని ఏం జెయ్యాలె? ఆదివారం ఆదివారం ఎవలన్న ఒస్తరేమోనని తలుపు దిక్కు చూసుకుంట కూసోవాల్నా?"

సుకన్యకు తల్లి మీద జాలి వేసింది. ఆ జాలే తనను ఇంతకాలం కట్టేసిందని కూడా ఆ క్షణంలోనే అర్థమైంది. అయినా జాలి పోలేదు. కింద కూర్చుని తల్లి భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించింది. వేస్తే ఇక లేవలేనని తెలిసి, గుమ్మం చెక్క పట్టుకుని నిలబడింది.

"అమ్మా, ఒక్కటే అడుగుత. సక్కగ చెప్పు. నన్ను పంపిస్తవా, పంపియ్యవా?"

విమలమ్మ చాలాసేపు కూతురి కాళ్ల వంక చూసింది. బయట బండి పోయింది, ఇంకోటి పోయింది. "చూద్దాం" అనడానికి నోరు తెరిచినట్టే ఉంది. మూసుకుంది.

"పంపియ్య" అంది. "నా నోటితోని నేను పంపియ్యలేను బిడ్డా. నాతోని గాదు."

సుకన్యకు ఒళ్లంతా తేలికైనట్టు అనిపించింది. వినకూడని మాటే, కానీ సూటి మాట. దాని వెనక గిన్నె లేదు, కబురు లేదు, ఊరికి పోయిన పెద్దవాళ్లు లేరు. తల్లి తనకు నిజం చెప్పడం అదే మొదటిసారి. మంచిదమ్మా అని వాకిట్లోకి నడిచింది.

"ఏడికే?" అని లోపలి నుంచి అడిగింది విమలమ్మ.

"పర్వతాలు కాక ఇంటికి."

సుకన్య గేటు తీసుకుని బయటికి నడిచింది.

ఆయన ఇల్లు రెండు లైన్ల అవతలే. సుకన్యకు ఆ దారి పొడుగునా కాళ్లు వెనక్కి లాగుతూనే ఉన్నాయి. తల్లి అన్నం తిన్నదో లేదో, ఏడుస్తోందో, ఒంట్లో ఏమైనా అయిందో. ఒక మలుపు దగ్గర నిజంగానే వెనక్కి తిరిగి నాలుగు అడుగులు వేసింది. ఎదురొచ్చిన ఒక చిన్నపిల్ల "ఆంటీ, జరగండి" అని స్కిప్పింగ్ తాడు తిప్పుకుంటూ పోయింది. సుకన్య జరిగి, మళ్లీ ముందుకు నడిచింది.

పర్వతాలు కాక బనియన్ మీద ఉన్నాడు. ఆమెను చూసి గబగబా చొక్కా తొడుక్కున్నాడు. భార్య మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. సుకన్య తాగలేదు.

"కాజీపేటోళ్లకు చెప్పు కాకా. నాకు ఇష్టమే."

ఆయన భార్య మొహం చూశాడు, మళ్లీ ఈమె మొహం చూశాడు. "మంచిదే బిడ్డా. మరి మీ అమ్మ ఏమన్నది?"

అబద్ధం నాలుక చివర సిద్ధంగా ఉంది. అమ్మ కూడా సరే అన్నది అంటే చాలు, అందరికీ సుఖం. ఆయనకు చెప్పడం తేలిక, వాళ్లకు వినడం తేలిక.

"అమ్మ వద్దన్నది కాకా" అంది సుకన్య. "నేను సరే అంటున్న. ఫోన్ కలుపు, నేనే చెప్త."